"మందిరంలో ఒకలా, ఇంట్లో ఒకలా ఉంటారు" అని పిల్లవాడు అన్నప్పుడు

అమ్మా, మీ ప్రశ్న నిన్న రాత్రే చదివాను. వెంటనే రాయబుద్ధి కాలేదు. ఒక రాత్రి ఆగి, ప్రార్థన చేసుకుని రాస్తున్నాను.

మీరు రాసింది ఇదీ. విజయవాడలో ఉంటున్నారు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. బాబు తొమ్మిదో తరగతి, పాప మూడో తరగతి. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి కుటుంబ ప్రార్థన. నెల రోజులుగా బాబు కూర్చోనంటున్నాడు. మొన్న గట్టిగా అడిగితే, "మీరు మందిరంలో ఒకలా ఉంటారు, ఇంట్లో ఒకలా ఉంటారు. నాకెందుకీ ప్రార్థన?" అన్నాడు. మీ వారు చెయ్యి చేసుకున్నారు. అత్తయ్యగారు "దేవుడు కొడతాడురా" అన్నారు. బాబు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మా పెంపకంలో లోపం ఎక్కడుంది, వాడిని మళ్లీ ప్రార్థనలో ఎలా కూర్చోబెట్టాలి అని అడిగారు.

నాకు అరవై మూడేళ్లు. మాది గుంటూరు వైపు లూథరన్ క్రైస్తవ కుటుంబం. బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఇరవై ఆరేళ్లు సండే స్కూల్ చూశాను, ముగ్గురు పిల్లల్ని పెంచి పెద్ద చేశాను. ఆ అనుభవంతో ఒక మాట ముందే చెప్పేస్తాను. మీ బాబు దేవుణ్ని వదిలిపోలేదు. దేవుడి గురించి మీరు చెప్పిందంతా విని, నమ్మి, దాంతో మిమ్మల్నే కొలిచి చూశాడు. అలా కొలిచే పిల్లవాడికి ఇంట్లో ముందు కావాల్సింది అమ్మానాన్నలు తన దగ్గరికి వచ్చి "తప్పు మాది, క్షమించు" అనడం. ప్రార్థన టైము, పాటలు, వాక్యం అన్నీ ఆ తర్వాతే.

నా సంగతి చెప్తాను. మా పెద్దవాడికి అప్పుడు పదకొండేళ్లు. మా ఇంట్లో గిన్నెలు తోమడానికి ఒకామె వచ్చేది, ఆమెదీ మా మందిరమే. ఒక సాయంత్రం అలమరలో పెట్టిన యాభై రూపాయల నోటు కనిపించలేదు. నెలాఖరు, చేతిలో ఇంకేం లేదు. వెనకా ముందూ చూడకుండా ఆమె మీద అరిచాను. "అక్కడ పెట్టానని నీకు కాక ఇంకెవరికి తెలుసు" అన్నాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. చేతిలో ఉన్న గిన్నె తోమడం పూర్తి చేసి, కడిగి, బోర్లించి, కొంగుకి చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. గంట తర్వాత మా ఆయన వచ్చి, కరెంటు బిల్లు కట్టడానికి తనే తీశానని చెప్పారు. అయ్యో అనుకున్నాను, రేపు వచ్చినప్పుడు చెప్దాంలే అనుకున్నాను.

ఆ రాత్రి ప్రార్థనకి కూర్చున్నాం. "ప్రభువా, మా ఇంటిని నీ ప్రేమతో నింపు" అని చక్కగా ప్రార్థన చేశాను. అందరూ ఆమెన్ అన్నారు, పెద్దవాడు అనలేదు. ఎందుకనలేదురా అంటే, "ఆమెకి సారీ చెప్పావా?" అన్నాడు. లాగి చెంప మీద కొట్టాను.

రాత్రంతా నిద్ర పట్టలేదు. యాకోబు పత్రికలో మాట చెవిలో మోగుతూనే ఉంది: "ఒక్క నోటనుండియే ఆశీర్వచనమును శాపవచనమును బయలువెళ్లును, నా సహోదరులారా, యీలాగుండకూడదు." ఆ వాక్యం సండే స్కూల్లో పిల్లలచేత కంఠతా పెట్టించింది నేనే. పొద్దున్నే వాడిని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూసి లేచి, ఉన్న ఒక్క కుర్చీని కొంగుతో తుడిచి నాకు వేసింది. తను కూర్చోలేదు. నేనూ కూర్చోలేకపోయాను. "నోటు మా ఆయన తీశారమ్మా, నిన్ను అనరాని మాట అన్నాను, నన్ను క్షమించు" అన్నాను. "పోనీలెండమ్మా, అయిపోయిందిగా" అంది. అంది గానీ, తర్వాత నెల రోజులు మా ఇంట్లో ఆ అలమర ఉన్న గదిలోకి అడుగు పెట్టలేదు, తుడవడానికి కూడా. నేనన్న మాట ఎంత లోతుగా తగిలిందో ఆ నెల రోజులూ నా కళ్ల ముందే కనిపించింది.

తిరిగి వస్తూ దారిలో మా వాడిని ఆపి, "నిన్న నిన్ను కొట్టడం తప్పు. నువ్వు అడిగింది నిజం. నన్ను క్షమించు నాన్నా" అన్నాను. వాడు తల దించుకుని చెప్పుతో మట్టి గీస్తూ నిలబడ్డాడు. సరే అనలేదు, కాదనలేదు. మళ్లీ ప్రార్థనలో ఆమెన్ అనడానికి మూడు వారాలు పట్టింది. నేను రోజులు లెక్కపెట్టాను. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వస్తాను. "మందిరంలో ఒకలా, ఇంట్లో ఒకలా" అని బాబు దేన్ని చూసి అన్నాడో మీరు రాయలేదు. బహుశా అడిగి ఉండరు. మన ఇళ్లన్నిటిలో జరిగేది ఒకటి చెప్తాను, మీ ఇంట్లో ఉందో లేదో చూసుకోండి. ఆదివారం ఉదయం. ఇస్త్రీ కాని చొక్కా, కనిపించని సాక్సు, పొయ్యి మీద మాడుతున్న ఉప్మా. "నీ వల్లే ప్రతి వారం లేటు" అని ఒకరు, "నేనొక్కదాన్నే చేయాలా అన్నీ" అని ఒకరు. బయట బండి హారన్. బండి మీద నలుగురూ మాట్లాడుకోకుండా కూర్చుని, మందిరం గేటు దగ్గర దిగగానే ముఖం నిండా నవ్వుతో "వందనాలండీ, బాగున్నారా" అంటాం. ఆ నవ్వు ఎంతసేపట్లో వచ్చిందో వెనక కూర్చున్న పిల్లవాడు చూస్తాడు. మనకి అది చిన్న విషయం. వాడికి అదే సాక్ష్యం.

దీనికి మందు శనివారం రాత్రే ఉంది. మా ఇంట్లో శనివారం భోజనాలయ్యాక బట్టలు ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించేవాళ్లం. బైబిళ్లు, కీర్తనల పుస్తకాలు, కానుక కవరు ఒక సంచిలో పెట్టి గుమ్మం దగ్గర మేకుకి వేలాడదీసేవాళ్లం. ఆదివారం పొద్దున టిఫిన్ బ్రెడ్డు, గుడ్డు, అంతే. కోడికూరకి అల్లం వెల్లుల్లి ముందురోజే నూరి పెట్టుకునేదాన్ని. ఇంత చిన్న ఏర్పాటుతో ఆదివారం ఉదయం అరుపులు సగానికి సగం తగ్గాయి.

ఇంకో విషయం. ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంటుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి నేనూ చేశాను. కుటుంబ ప్రార్థనలో మనం దేవుడితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది గానీ, మాటలు పిల్లవాడికి తగిలేలా విసురుతాం. "ప్రభువా, ఈ బిడ్డ మొన్న లెక్కల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు, ఫోన్ వ్యసనం నుంచి విడిపించు, తల్లిదండ్రుల మాట వినే మనసు ఇవ్వు." కళ్లు మూసుకున్న పిల్లవాడు ఎదురు చెప్పడానికి లేదు. ప్రార్థన మధ్యలో మాట్లాడితే అదో తప్పు. చెల్లి ముందు, నానమ్మ ముందు, దేవుడి ముందు వాడి తప్పుల లిస్టు చదివినట్టే. మీ బాబుకి ప్రార్థన అంటే విసుగు ఎందుకొచ్చిందో ఆలోచించేటప్పుడు, గత నెల రోజుల్లో మీరు గట్టిగా చేసిన ప్రార్థనలు ఒకసారి గుర్తు చేసుకోండి. వాడి గురించి దేవుడికి చెప్పుకోవాల్సింది ఉంటే, వాడు నిద్రపోయాక చెప్పుకోండి. వాడి ముందు చేసే ప్రార్థనలో వాడి గురించి కృతజ్ఞత తప్ప ఇంకేమీ వద్దు. "ఇవాళ చెల్లికి హోంవర్క్ చెప్పాడు, నీకు వందనాలు ప్రభువా" అనండి. పెద్దగా స్పందన ఉండదు. కానీ వింటాడు.

తొమ్మిదిన్నర టైము గురించి. తొమ్మిదో తరగతి పిల్లవాడు పొద్దున ఏడున్నరకి వెళ్లి, స్కూలు, ట్యూషను అయి ఏ ఎనిమిదికో ఇల్లు చేరతాడు. ఆ టైముకి పెద్దవాళ్లకే కళ్లు మూతలు పడతాయి. మేము ప్రార్థనని రాత్రి భోజనానికి ముందుకి మార్చాం. కంచాలు పెట్టి, కూర గిన్నె మూత తీయకముందు, పది నిమిషాలు. పాట ఒక చరణం, వాక్యం ఏడెనిమిది వచనాలు, ఆ తర్వాత ఒక్కొక్కరు ఒక్కో వాక్యంలో ప్రార్థన. మార్కు సువార్త పదహారు అధ్యాయాలే. రోజుకి ఏడెనిమిది వచనాల చొప్పున మూడు నెలల్లో అయిపోతుంది. యేసు నడిచిన దారి, తిన్న ఇళ్లు, కోప్పడిన సందర్భాలు, వేదన పడిన రాత్రి, అన్నీ వరసగా వినిపిస్తే పిల్లలు మొదట్లో ఎంత బద్ధకించినా మధ్యలో ఒక ప్రశ్న వేస్తారు. అది చాలు.

మన పిల్లలకి ఇప్పుడు తెలుగు చదవడమే కష్టం. పైగా మన బైబిలు భాష పాతది. "అభ్యసింపజేసి", "త్రోవను నడుచునప్పుడును" అంటే వాళ్లకి అదో పరాయి భాష. మా మనవరాలు వచ్చినప్పుడు నేనొక పని చేస్తాను. నేను తెలుగులో చదువుతాను, తను అదే భాగం ఇంగ్లీషు బైబిల్లో చదివి, "అమ్మమ్మా, దీనర్థం ఇదీ" అని మామూలు తెలుగులో నాకు చెప్తుంది. బాబుకి మీరు ఆ పని అప్పజెప్పండి. నానమ్మ చదివిన దాన్ని తను విడమరచి చెప్పాలి. చెప్పే పిల్లవాడు వినే పిల్లవాడికన్నా ఎక్కువ నేర్చుకుంటాడని ముప్పై ఏళ్ల బడిలో చూశాను. కానీ ఇది ఇప్పుడే కాదు, వాడు మళ్లీ మీతో కూర్చున్న తర్వాత.

కొట్టడం గురించి మీరు నేరుగా అడగలేదు, అయినా రాయాలి. మీ వారు "బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి" అనే సామెతలు పదమూడో అధ్యాయం మాట గుర్తు చేసుకుని ఉంటారు. మన తాతల కాలం నుంచి ఆ ఒక్క వచనాన్ని పట్టుకుని కొట్టాం. ఆ బెత్తానికి హెబ్రీ మూలంలో ఉన్న మాట షేబెత్. ఇరవై మూడో కీర్తనలో "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును" అన్నచోట దుడ్డుకర్ర అన్నదీ అదే మాట. కాపరి చేతి కర్ర తోడేలు మీద పడుతుంది, పక్కకి పోయిన గొర్రెను మళ్లీ దారిలోకి తిప్పుతుంది. గొర్రెపిల్ల కాలు విరగ్గొట్టడానికి ఆ కర్ర పట్టిన కాపరిని నేను చూడలేదు. శిక్షణ ఉండాలి. ఫోన్‌కి టైము ఉండాలి, చేసిన తప్పుకి ఫలితం ఉండాలి, చెప్పిన మాట మీద అమ్మానాన్నా ఇద్దరూ నిలబడాలి. బడుల్లో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యా హక్కు చట్టమే చెప్పింది, నాలాంటి పాత టీచర్లకి మొదట్లో కష్టమైనా తర్వాత అలవాటైంది. బెత్తం లేకపోయినా క్లాసు నడిచింది. పౌలు ఇదే సంగతి తండ్రులకి రెండుసార్లు రాశాడు, ఒకసారి ఎఫెసు వాళ్లకి, ఒకసారి కొలొస్సయి వాళ్లకి. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి." పద్నాలుగేళ్ల పిల్లవాడు తండ్రి చేత్తో చెంపదెబ్బ తింటే ఆ మనసు కుంగుతుంది. అది కూడా నిజం చెప్పినందుకు.

అత్తయ్యగారి "దేవుడు కొడతాడు" సంగతి. పెద్దావిడ భయంతో, ప్రేమతో అన్న మాట అది. ఆవిడని తప్పు పట్టకండి, బాబు ముందు అసలే పట్టకండి. కానీ మీరు పాపతో ఆ మాట అనకండి. అల్లరి చేస్తే యేసయ్య తప్పులు రాసుకుంటాడు, అబద్ధమాడితే కళ్లు పోతాయి అని పెంచిన పిల్లలకి పదిహేనేళ్లు వచ్చి, ఏమీ జరగలేదని తెలిశాక, భయంతో పాటు దేవుడు కూడా పోతాడు. నా సండే స్కూల్లో అలా పోయినవాళ్లని నేను పేరుపేరునా చెప్పగలను. పాపకి లూకా పదిహేనో అధ్యాయంలోని తండ్రిని చూపించండి, కొడుకు దూరంగా ఉండగానే చూసి పరుగెత్తినవాడిని. నానమ్మ చేత ఆ కథ చెప్పిస్తే ఇంకా మంచిది.

బాబుతో విడిగా గడపడం మీకు వీలవుతుందో లేదో చూడండి. సుసన్నా వెస్లీ అని ఇంగ్లాండులో ఎప్‌వర్త్ అనే ఊళ్లో ఒక పాదిరిగారి భార్య ఉండేది. పందొమ్మిది మంది పిల్లల్ని కన్నది, తొమ్మిది మంది పసితనంలోనే పోయారు. 1712లో భర్తకి రాసిన ఉత్తరంలో, ప్రతి సాయంత్రం ఒక బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడుతున్నానని వరస చెప్పింది. సోమవారం మాలీ, మంగళవారం హెట్టీ, అలా గురువారం జాకీ. ఆ జాకీ పెద్దయ్యాక మెథడిస్టు సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ. మన మెదక్‌లో పెద్ద చర్చి కట్టిన మిషనరీలు ఆ సంఘం వాళ్లే. ఆక్స్‌ఫర్డ్‌లో పంతులుగా ఉన్న రోజుల్లో కూడా, అప్పటి గురువారం సాయంత్రాల్లాంటి కాస్త సమయం నాకోసం కేటాయించమని తల్లికి రాశాడు. అంత పనిలో, అంత పేదరికంలో, వారానికి ఒక సాయంత్రం కాస్త సమయం ఒక బిడ్డది. అది చదివాకే నేను శనివారం సాయంత్రాలు రైతుబజారుకి మా పెద్దవాడినొక్కడినే తీసుకెళ్లడం మొదలుపెట్టాను. కూరగాయల సంచి చెరో పక్క పట్టుకుని నడిచేవాళ్లం. మొదటి నెల క్రికెట్ తప్ప ఇంకో మాట లేదు. నేను వాక్యం ఊసెత్తలేదు. రెండో నెలలో, వంకాయలు ఏరుతుంటే, "అమ్మా, తాతయ్య నిజంగా పరలోకంలో ఉన్నాడంటావా?" అన్నాడు. బేరం వదిలేసి అక్కడే నిలబడి మాట్లాడాం. "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును" అని ద్వితీయోపదేశకాండములో మోషే చెప్పింది ఇదే కదా అనిపించింది. ఆ మాటలో మందిరం లేదు, చూడండి. ఇల్లు, దారి, పక్క, పొద్దు.

బాబు ప్రశ్నలు వేస్తే తడుముకోకుండా జవాబు చెప్పాలని టెన్షన్ పడకండి. "నాకూ తెలియదు నాన్నా, పాస్టరు అయ్యగారిని అడుగుదాం" అంటే చాలు.

మందిరంలో ఒకలా, ఇంట్లో ఒకలా అన్న మాట విన్నప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది, మన తెలుగు సంఘాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడనిది. ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన మోకరించి ఒకే రొట్టె తీసుకుంటాం. ఇంటికొచ్చి ఎవరి పెళ్లి సంబంధమో మాట వచ్చేసరికి "వాళ్లెవరు? మనవాళ్లేనా?" అని ఆరా తీస్తాం. "యేసుక్రీస్తునందు మీరందరును ఏకముగా ఉన్నారు" అని పిల్లలకి బంగారు వాక్యం నేర్పింది మనమే. భోజనాల దగ్గర మనం ఎవరిని ఏ మాట అంటున్నామో పిల్లలు వింటారు. మా చిన్నమ్మాయి పదో తరగతిలో ఉండగా నన్ను దీని మీదే నిలదీసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని మా ఆయనా నేనూ ఒప్పందం చేసుకున్నాం. తను కోరుకున్న సంబంధం వచ్చినప్పుడు ఆ ఒప్పందం మమ్మల్ని పరీక్షించింది, నిలబడ్డాం. బంధువుల్లో కొందరు పెళ్లికి రాలేదు.

రికార్డులో ఒక పేరు, మందిరంలో ఒక పేరు ఉన్న ఇళ్లు కూడా మనలో చాలా ఉన్నాయి. ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన సవరణలు, క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేకపోవడం, ఇవన్నీ ఆ ఇళ్ల మీద పడ్డ బరువులు. పిల్లల చదువు కోసం ఎవరు ఏం చేశారో తీర్పు తీర్చడానికి నేనెవర్ని. మీ ఇంట్లో అలాంటిది ఉంటే మాత్రం బాబుకి ఈ వయసులో మీరే కూర్చోబెట్టి చెప్పండి, చట్టం ఏమిటి, మీరు ఎందుకు అలా నిర్ణయించుకున్నారు, మీ మనసులో ఏముంది. బయట స్నేహితుడి నోట విని మీ దగ్గర దాస్తే అప్పుడు నిజంగా "ఒకలా, ఒకలా" అవుతుంది.

చిన్న చిన్నవి ఇంకొన్ని. ఫోన్ మోగితే "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని పిల్లల చేత అబద్ధం చెప్పించకండి. కానుక పళ్లెం వచ్చేముందు చేతిలో పది రూపాయలు పెట్టే బదులు, నెల మొదట్లో పాకెట్ మనీ ఇచ్చి అందులోంచి ఎంత వేయాలో వాళ్లకే వదిలేయండి. ఒక్కోసారి ఏమీ వేయరు, ఊరుకోండి. పక్కింటివాళ్లు వినాయక చవితికి ప్రసాదం ఇస్తే తీసుకోవాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి. కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం ఇంట్లో అందరూ కలిసి చదివి తేల్చుకోండి. వద్దంటే మర్యాదగా వద్దనడం నేర్పండి, వాళ్ల దేవుళ్ల మీద ఒక్క తేలిక మాట పిల్లల నోటి నుంచి రాకూడదు. క్రిస్మస్‌కి మన పిండివంటలు, అరిసెలు, గులాబీ పువ్వులు వాళ్లింటికి బాబు చేతే పంపించండి.

ఆదివారం పరీక్షల సంగతి కూడా వచ్చే ఏడాది మీకు ఎదురవుతుంది. పదో తరగతి, ఇంటర్ అంటే ఆదివారం టెస్టు లేని చోటు దొరకడం కష్టం. మా అమ్మాయి ఇంటర్ చదివిన కాలేజీ వాళ్లు ఆదివారం తొమ్మిదింటికే టెస్టు పెట్టేవాళ్లు, అడిగితే కుదరదన్నారు. మేము ఉదయం ఆరున్నర ఆరాధనకి మారాం. రెండేళ్లు ఇంటిల్లిపాదీ ఐదింటికి లేచాం. తనొక్కదాన్నే పంపకుండా అందరం వెళ్లినందుకు తనకి సంతోషంగా ఉండేదని పెళ్లయ్యాక చెప్పింది.

ఇక ఇవాళ ఏం చేయాలి. ముందు మీరు, మీ వారు ఇద్దరూ బాబు లేనప్పుడు కూర్చుని మాట్లాడుకోండి. మీ వారికి ఇది కష్టం. తండ్రి కొడుకుని క్షమాపణ అడిగితే చులకనైపోతాడని మన మగవాళ్లకి చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఆయన్ని తొందరపెట్టకండి, తప్పు పట్టకండి, నేను రాసింది కావాలంటే చదివి వినిపించండి. కానీ మొదట మాట్లాడాల్సింది ఆయనే, ఎందుకంటే చెయ్యెత్తింది ఆయన. మీ మాట తర్వాత.

ఎక్కువ మాటలు వద్దు. "మొన్న నిన్ను కొట్టడం తప్పు. నువ్వన్న దాంట్లో నిజం ఉంది. నన్ను క్షమించు." అంతే. "కానీ నువ్వు కూడా అలా మాట్లాడకూడదు కదా" అని తోక తగిలించవద్దు. ఆ తోకతో ముందు చెప్పిందంతా పోతుంది. ప్రార్థనకి రమ్మని అడగవద్దు. జవాబు కోసం నిలబడవద్దు. కొన్ని రోజుల తర్వాత, వాడు మామూలుగా ఉన్న పూట, "మందిరంలో ఒకలా ఇంట్లో ఒకలా అన్నావు కదా, ఏం చూసి అన్నావో చెప్తావా, నేను వింటాను" అని మీరు అడగండి. చెప్పింది అన్యాయంగా అనిపించినా మధ్యలో ఆపకండి. రాసుకోవాల్సి వస్తే రాసుకోండి.

ఈలోపు రాత్రి ప్రార్థన మీరు, మీ వారు, పాప, అత్తయ్యగారు మామూలుగానే చేసుకోండి. బాబు గది పక్కనే అయినా గొంతు పెంచకండి, తగ్గించకండి. భోజనానికి మాత్రం పిలవండి, రోజూ పిలిచినట్టే.

మీ వారు వెళ్లేసరికి తలుపు వేసి ఉంటే, తెరిచేదాకా కొట్టవద్దని చెప్పండి. బయట నిలబడే ఆ మూడు మాటలూ చెప్పి వచ్చేయమనండి. లోపల వింటాడు.